ఆస్ట్రేలియాలో ఎనిమిది రోజులు: ముందు నెల చూడండి, తర్వాతే మ్యాప్

పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చిన అమ్మానాన్నలైనా, హైదరాబాద్ నుంచి సెలవులకు బయల్దేరే కుటుంబమైనా, మొదట గీసుకునే ప్లాన్ దాదాపు ఒకటే: సిడ్నీ, మెల్‌బోర్న్, గోల్డ్ కోస్ట్, కెయిర్న్స్, వీలైతే ఎడారి మధ్యలో నిలిచిన పెద్ద ఎర్రరాయి ఉలూరు కూడా. అన్నీ ఎనిమిది రోజుల్లో. ఈ దేశం విస్తీర్ణం భారతదేశానికి రెండు రెట్ల పైమాటే. సిడ్నీ నుంచి పెర్త్ వెళ్లడమంటే హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేదానికన్నా ఎక్కువ దూరం. సిడ్నీ నుంచి కెయిర్న్స్‌కు విమానంలోనే మూడు గంటలు.

విమానంలో మూడు గంటలంటే పోయేది మూడు గంటలే కాదు. పొద్దున పదింటికి గది ఖాళీ చేయాలి. ఎయిర్‌పోర్టుకు గంట, అక్కడ గంటన్నర, ప్రయాణం మూడు గంటలు, దిగాక బ్యాగులు, అద్దె కారు కౌంటర్ దగ్గర క్యూ. కొత్త గదిలో కాలు పెట్టేసరికి సాయంత్రం. ఐదు ఊళ్లంటే నాలుగు విమానాలు, అంటే ఎనిమిదిలో నాలుగు రోజులు ఎయిర్‌పోర్టుల పాలు. ఎనిమిది రోజులకు రెండు మకాములు సరిపోతాయి. మూడోది ఓపిక, డబ్బు రెండూ ఉన్నవాళ్లకే.

ఆ రెండు మకాములు ఏవన్నది మన ఇష్టాయిష్టాల కన్నా నెలే ఎక్కువగా తేలుస్తుంది. మన స్కూళ్ల వేసవి సెలవులు, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, ఇక్కడ దక్షిణాన చలి ముదిరే రోజులు. మెల్‌బోర్న్‌లో సాయంత్రం ఐదు దాటగానే చీకటి. ఇంకా దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో వాన, చలిగాలి. అదే సమయంలో ఉత్తరాన కెయిర్న్స్‌లో వానలు వెనకబడి హాయిగా ఉంటుంది. ఉలూరులో పగలు చల్లగా, నడవడానికి వీలుగా ఉంటుంది. సంక్రాంతి వేళకు అంతా తారుమారు: కెయిర్న్స్‌లో వానాకాలం, తుపాన్ల భయం. ఉలూరులో 40 డిగ్రీలు దాటే ఎండ. దక్షిణాన రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగు. కాబట్టి మే, జూన్‌లలో ఉత్తరానికి, డిసెంబరు, జనవరిలలో దక్షిణానికి వెళ్లండి. దసరా సెలవులకైతే ఏ దిక్కయినా ఫరవాలేదు. కాకపోతే సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో ఇక్కడి స్కూళ్లకూ సెలవులే కాబట్టి గదుల ధరలు పెరుగుతాయి. జనవరి నెలంతా అంతకన్నా ఘోరం.

కెయిర్న్స్

ఇక్కడికి వచ్చేది గ్రేట్ బారియర్ రీఫ్ కోసం, అంటే సముద్రంలోని పగడాల దిబ్బల కోసం. రీఫ్ ఊరి ఒడ్డునే ఉంటుందనుకుని వచ్చినవాళ్లు నిరాశపడతారు. కెయిర్న్స్ ఊళ్లో ఈతకు పనికొచ్చే బీచ్ కూడా లేదు, బురద నేల. అందుకే తీరం వెంట ఉన్న ఎస్ప్లనేడ్‌లో ఉచితంగా పెద్ద ఈతకొలను కట్టారు. అసలు రీఫ్ చూడాలంటే పడవలో గంటన్నర నుంచి రెండు గంటలు వెళ్లాలి.

పడవలు రెండు రకాలు. మొదటి రకం సముద్రంలో లంగరేసిన తేలే వేదిక, అంటే పాంటూన్ దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లొచ్చు. ఈత రానివాళ్లు అద్దాల అడుగున్న పడవలోనో, సగం మునిగే పడవలోనో కూర్చుని చూడొచ్చు. భోజనంతో కలిపి పెద్దలకు ఒక్కొక్కరికి సుమారు 250 నుంచి 350 ఆస్ట్రేలియా డాలర్లు. రెండోది చిన్న పడవ. రెండు మూడు చోట్ల ఆపుతుంది, పగడాలు మరింత దగ్గరగా కనిపిస్తాయి, జనం తక్కువ. కానీ ఊపు ఎక్కువ, పడవ నుంచి నేరుగా లోతు నీళ్లలోకే దిగాలి. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే పాంటూన్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దు. బడ్జెట్ తక్కువైతే 45 నిమిషాల్లో చేరే గ్రీన్ ఐలాండ్, ఫిట్జ్‌రాయ్ ఐలాండ్ ఉన్నాయి. అక్కడి పగడాలు బయటి రీఫ్‌తో పోల్చదగ్గవి కావు. 2016 నుంచి పలుమార్లు వేడికి పగడాలు తెల్లబడ్డాయి కాబట్టి బయటి రీఫ్‌లో కూడా బ్రోచర్లోని రంగులు ఆశించకండి. చేపలు మాత్రం మనసు నింపుతాయి.

రీఫ్ ట్రిప్పును చివరి రోజుకు పెట్టుకోవడం పెద్ద పొరపాటు. శీతాకాలమంతా ఆగ్నేయం నుంచి గాలి బలంగా వీస్తుంది. గాలి మరీ ఎక్కువైతే పడవ రద్దు చేసి మర్నాటికి మారుస్తారు. చివరి రోజైతే మర్నాడు ఉండదు. స్కూబా చేస్తే 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు, అదొకటి. వాంతుల మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే పనిచేయదు, అరగంట ముందే వేసుకోవాలి. వయసు పైబడినవాళ్ల చేత, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ల చేత పడవలోనే ఆరోగ్య ఫారం నింపించి, తేలడానికి సాయపడే పరికరం ఇచ్చి, తోడుగా ఒకరితోనే దింపుతారు. బీపీ మాత్రల సంగతి దాచొద్దు. స్నార్కెలింగ్, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లపై ఈదడం, చేస్తూ గుండె ఆగి చనిపోయినవాళ్లు ఉండబట్టే ఆ నిబంధనలు వచ్చాయి.

నవంబరు నుంచి మే దాకా తీరం దగ్గర ప్రమాదకరమైన జెల్లీ ఫిష్ ఉంటాయి. ఒళ్లంతా కప్పే లైక్రా సూట్ పడవలోనే దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దె విడిగా కట్టాలి. ఒళ్లు కనపడకుండా నీళ్లలోకి దిగాలనుకునే మన ఆడవాళ్లకు ఇది అనుకోని సౌకర్యం.

కెయిర్న్స్‌కు మూడు రాత్రులు పెట్టుకోండి. ఒక రోజు రీఫ్, ఒక రోజు కొండమీది ఊరు కురాండ: పోయేటప్పుడు కొండ రైలు, వచ్చేటప్పుడు అడవి మీదుగా స్కైరైల్ అనే కేబుల్ కారు. విట్సండే దీవులను కూడా ఇదే ట్రిప్పులో కలపాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. కెయిర్న్స్ నుంచి ఆ దీవులకు పడవ ఎక్కే ఎయిర్లీ బీచ్ 600 కిలోమీటర్ల పైమాటే.

ఉలూరు

ఆలిస్ స్ప్రింగ్స్‌కు టికెట్ కొని అక్కడి నుంచి రాయి చూసి రావచ్చనుకోవడం తరచూ జరిగే తప్పు. ఆలిస్ నుంచి ఉలూరుకు 450 కిలోమీటర్లు, కారులో ఐదు గంటలు. కొనాల్సింది ఉలూరు దగ్గరే ఉన్న ఎయర్స్ రాక్ ఎయిర్‌పోర్టుకు. సిడ్నీ నుంచి మూడున్నర గంటలు. ఫ్లైట్లు తక్కువ కాబట్టి ముందు ఇవి దొరికాకే మిగతా ట్రిప్పు బుక్ చేయండి.

బస అంతా యులారా అనే రిసార్ట్ ఊళ్లోనే. హోటళ్లన్నీ ఒకే యాజమాన్యానివి, పోటీ లేదు, ధర ఆ సంగతి చెబుతుంది. చవకగా కావాలంటే క్యాంప్‌గ్రౌండ్‌లోని క్యాబిన్లు ఉన్నాయి కానీ అవి ముందే అయిపోతాయి. ఎయిర్‌పోర్టు నుంచి రిసార్ట్‌కు బస్సు ఉచితం. అక్కడి నుంచి 20 కిలోమీటర్ల దూరంలోని రాయి దగ్గరికి మాత్రం టికెట్ బస్సో, కారో కావాలి. నలుగురుంటే కారే చవక, కానీ ఇక్కడ అద్దె కార్లకు తరచూ రోజుకు ఇన్ని కిలోమీటర్లని పరిమితి ఉంటుంది. 300 కిలోమీటర్ల దూరంలోని కింగ్స్ కాన్యన్ కూడా చూడాలనుకుంటే ఆ లెక్క ముందే అడగాలి. పార్కు పాస్ మూడు రోజులకు పెద్దలకు దాదాపు 40 డాలర్లు, 18 ఏళ్ల లోపువాళ్లకు ఉచితం.

రాయి ఎక్కడం 2019 అక్టోబరు 26న శాశ్వతంగా ఆపేశారు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్ర స్థలం. కొన్నిచోట్ల ఫోటోలు కూడా తీయొద్దని బోర్డులు ఉంటాయి. గర్భగుడిలో మనం పాటించే మర్యాదే అక్కడా పాటించాలి. చుట్టూ ప్రదక్షిణలా నడిచే దారి 10 కిలోమీటర్ల పైన, మూడున్నర గంటలు. గంటకు లీటరు నీళ్లు లెక్కపెట్టుకోండి. తెల్లవారగానే మొదలుపెట్టి 11 గంటలకు ముగించాలి. అదే పార్కులోని రాతి గుట్టలు కటా జుటాలో వ్యాలీ ఆఫ్ ది విండ్స్ దారినైతే 36 డిగ్రీలు దాటుతుందన్న రోజున 11 గంటలకల్లా మూసేస్తారు. వేడి నెలల్లో ఈగలు ముక్కులోకి, కళ్లలోకి దూరతాయి. తలకు వేసుకునే వల కొనండి, ఎలా కనిపిస్తామన్న బెంగ వద్దు. జూన్‌లో రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఎడారే కదా అని స్వెటర్ లేకుండా వస్తే సూర్యోదయం బస్సులోంచే చూడాలి.

రెండు రాత్రులు చాలు. మూడో రాత్రి ఉంటే ఖర్చు తప్ప కొత్తగా చూసేది పెద్దగా ఉండదు.

మెల్‌బోర్న్ చుట్టుపక్కల, సిడ్నీ

ఇక్కడ మన వాళ్లకు ఒక వాటం ఉంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టార్నీట్, ట్రుగనీనా, వెరిబీలు నగరానికి పడమట, గ్రేట్ ఓషన్ రోడ్ దిక్కునే ఉన్నాయి. అక్కడ బస ఉంటే నగరం ట్రాఫిక్ దాటాల్సిన పని లేదు.

ఈ రోడ్డు టార్కీ నుంచి అలన్స్‌ఫోర్డ్ దాకా 240 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కట్టారు. ఒక్క రోజులో వెళ్లి రావచ్చంటూ టూర్ బస్సులు తిరుగుతాయి. వెళ్లొచ్చు, కానీ 12, 13 గంటల రోజు. సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపోస్టల్స్ దగ్గరికి అన్ని బస్సులూ మధ్యాహ్నం ఒకేసారి చేరతాయి. మలుపుల్లో పిల్లలకు వాంతులు. పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక రాత్రి ఉంటే సూర్యాస్తమయం, పొద్దున్నే ఖాళీగా ఉండే లాక్ ఆర్డ్ గార్జ్ రెండూ దక్కుతాయి. పోయేటప్పుడు తీరం వెంట, వచ్చేటప్పుడు కొలాక్ మీదుగా లోపలి హైవేలో మూడు గంటలు. పన్నెండు స్తంభాలు మాత్రం వెతకొద్దు. పేరులోనే పన్నెండు, 2005లో ఒకటి కళ్లెదుటే కూలింది. సాయంత్రం చీకటి పడ్డాక ఆ రోడ్లలో నడపకండి. కంగారూలు, వాలబీలు అడ్డం వస్తాయి.

ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లు సముద్రం నుంచి ఒడ్డుకు నడిచొచ్చే ప్రదర్శన సూర్యాస్తమయానికే. జనవరిలో అది దాదాపు రాత్రి తొమ్మిది, జూన్‌లో ఐదున్నర. చిన్నపిల్లలున్నవాళ్లకు చలికాలమే నయం, అది అయ్యాక ఇంటికి మరో గంటన్నర, రెండు గంటలు నడపాలి కాబట్టి. ఫోన్‌తో కూడా ఫోటోలు తీయనివ్వరు. సిమెంటు మెట్ల మీద గంట కూర్చోవాలి, నడి వేసవిలో కూడా దుప్పటి కావాలి.

వేసవిలో వస్తే మెల్‌బోర్న్‌కు జతగా టాస్మానియా తీసుకోండి. లాన్సెస్టన్‌లో దిగి క్రేడిల్ మౌంటెన్, ఫ్రేసినే చూసి హోబార్ట్ నుంచి తిరిగితే వచ్చిన దారినే మళ్లీ నడపక్కర్లేదు. నాలుగు రాత్రులు కావాలి. మ్యాప్‌లో చిన్నగా కనపడినా రోడ్లు మెలికలు. జనవరిలో ముందు అయిపోయేది అద్దె కార్లే, గదులు కాదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చినా పండ్లు, కూరగాయలు తీసుకెళ్లకూడదు, కుక్కలతో తనిఖీ చేస్తారు.

సిడ్నీకి మూడు రోజులు. కారు అక్కర్లేదు, పార్కింగ్ ఖర్చు గది అద్దెతో పోటీ పడుతుంది. బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే రైలు, బస్సు, మాన్లీ ఫెర్రీ అన్నిటికీ కలిపి రోజుకు ఒక గరిష్ఠ ఛార్జీ. శుక్ర, శని, ఆదివారాల్లో అది ఇంకా తక్కువ. బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబాకు రెండు గంటల రైలు కూడా ఆ లెక్కలోనే, అందుకే దాన్ని ఆ మూడు రోజుల్లో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు స్టేషన్ రుసుము మాత్రం విడిగా పడుతుంది. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలనుకుంటే ఆ ఒక్క రోజుకు కారు తీసుకోండి.

గోల్డ్ కోస్ట్ థీమ్ పార్కులు పిల్లలు పట్టుబడితే తప్ప అక్కర్లేదు. పెర్త్‌ను తూర్పు తీరంతో కలపొద్దు. సింగపూర్ నుంచి ఐదు గంటలే కాబట్టి అది విడిగా చేసుకోవాల్సిన ట్రిప్పు.

బస, వంట, బండి

చిన్న ఊళ్లలో హోటల్ వంటిళ్లు రాత్రి ఎనిమిదికే మూతపడతాయి. శాకాహారులకు చిప్స్, పిజ్జా తప్ప దొరకవు. అందుకే వంటగది ఉన్న మోటెల్ యూనిట్ గానీ, హాలిడే పార్కులోని క్యాబిన్ గానీ చూడండి. రెండు గదుల క్యాబిన్ రెండు హోటల్ గదుల కన్నా దాదాపు ఎప్పుడూ చవకే. దుప్పట్లు, తువాళ్లు ఇస్తారో లేదో బుకింగ్‌లోనే చదవాలి, చవక క్యాబిన్లలో ఇవ్వరు. పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్, కిటికీ రెండూ తెరవండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగి ఫైర్ ఇంజన్ వస్తే ఆ ఛార్జీ మీ బిల్లులోనే పడుతుంది.

మన లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే పర్యాటకులు దాంతోనే నడపొచ్చు, ఇక్కడా ఎడమ పక్కే. అద్దె కారుకు డెబిట్ కార్డు చాలాచోట్ల కుదరదు, అసలు డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ప్రమాదం జరిగితే మన జేబులోంచి పోయే మొత్తం వేల డాలర్లలో ఉంటుంది. కౌంటర్ దగ్గర అమ్మే కవర్ కన్నా ముందే తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సులో అది కలిసుందేమో చూసుకోండి. మట్టి రోడ్డు మీద దెబ్బ తింటే చాలా కవర్లు చెల్లవు.

చవక విమానాల్లో చేతి సామాను 7 కిలోలే. గేటు దగ్గర తూచి, ఎక్కువైతే అక్కడ కట్టించుకునే మొత్తం ముందే కొన్న బ్యాగేజీకి రెండింతలు దాటొచ్చు. మెల్‌బోర్న్ టికెట్ చవకగా కనపడితే అది అవలాన్‌కేమో చూడండి, జిలాంగ్ దగ్గరది. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సిడ్నీ, మెల్‌బోర్న్ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, కెయిర్న్స్, ఉలూరుల్లో జరగవు. పడవ, బస్సు సమయాలు ఫోన్‌లో ఏ ఊరి టైములో సేవ్ అయ్యాయో ఒకసారి సరిచూసుకోండి.

ఇంటి నుంచి తెచ్చే పచ్చళ్లు, పొడులు దిగేముందు ఇచ్చే కార్డులో తప్పకుండా రాయండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా పడుతుంది. పాలకోవా, పచ్చి కరివేపాకు, గింజలు, పండ్లు అసలు పెట్టెలో పెట్టకండి. కరివేపాకు టార్నీట్ కొట్లలోనూ, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ కొట్లలోనూ దొరుకుతుంది.