పాత వాచకాల పద్యాలు మళ్ళీ అచ్చేసేరు గానీ...

మొన్న జగదాంబ జంక్షన్ దగ్గర ఓ చిన్న పుస్తకాల షాపులో కనబడింది, పాత హైస్కూలు తెలుగు వాచకాల్లోంచి భారత భాగవత పద్యాలు మాత్రం ఏరి మళ్ళీ వేసిన పుస్తకం, 180 రూపాయలు. మా నాన్నగారికి ఆ పద్యాలంటే ప్రాణం, ఇంకేం ఆలోచించకుండా కొనేసేను.

ఎంపిక మాత్రం చాలా బావుంది. నన్నయ్య శకుంతల, తిక్కన రాయబారంలో "సారపు ధర్మమున్ విమల సత్యము", పోతన గజేంద్రమోక్షం, అన్నీ ఉన్నాయి. "నుతజల పూరితంబులగు" ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా దుష్యంతుడు నువ్వెవరో తెలీదన్న ఘట్టం నుంచి ఇచ్చేరు, అందుకే వంద నూతుల కంటే ఒక దిగుడుబావి, వంద బావుల కంటే ఒక యజ్ఞం, వంద యజ్ఞాల కంటే ఒక కొడుకు, వందమంది కొడుకుల కంటే ఒక్క నిజం మాట అని నిండు సభలో శకుంతల అంటుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ అచ్చు దగ్గరే ప్రాణం ఉసూరుమంది. గజేంద్రమోక్షంలో "అల వైకుంఠపురంబులో" మత్తేభం అనే వృత్తం కదా, మొదటి పాదం "సౌధంబు దా" దగ్గర ఆగి రెండోది "పల మందార" అని మొదలవ్వాలి, అప్పుడే అల, పల, త్పల, హ్వల అని నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం "ల" ప్రాస కనబడుతుంది. వీళ్ళు మాట విరక్కూడదనుకున్నారో ఏమో "దాపల" మొత్తం పై లైన్లోకి తోసేసేరు, కింద "మందార" వచ్చి కూర్చుంది, ఇంక ప్రాసెక్కడుంటుంది? పుస్తకం మొత్తం ఇదే వరస. అరసున్నలు (ఁ) కూడా పీకేసేరు. "యనఁ గుయ్యాలించి"లో ఆ అరసున్న ఉంటేనే కదా "కుయ్యి" (మొర) కాస్తా "గుయ్యి" ఎందుకయిందో పిల్లలకి చెప్పగలం!

తప్పు షాపాయనది కాదు, పాపం పేజీలన్నీ తిప్పి చూసుకోమనే ఇచ్చేడు, నేనే విషయసూచిక చూసి మురిసిపోయేను. అర్థాలు, తాత్పర్యాలు శుభ్రంగా ఉన్నాయి, పద్యాలు ముందే నోటికొచ్చిన వాళ్ళు కొనుక్కోవచ్చు. పిల్లలకి కొత్తగా నేర్పించడానికైతే మాత్రం వద్దండీ, తప్పు లైన్లే కళ్ళకి అలవాటైపోతాయి. వేసినవాళ్ళు మళ్ళీ ముద్రణకి వెళ్తే ముందు ఛందస్సు తెలిసిన ఒక తెలుగు మాస్టారికి ప్రూఫులు చూపించండి, ఇంత మంచి ఎంపిక ఊరికే పోనివ్వకండి.

నాన్నగారు పెన్సిల్ పట్టుకుని ఒక్కో పద్యం పైకి పాడుకుంటూ పాదం ఎక్కడ విరగాలో అక్కడ గీత పెడుతున్నారు. గజేంద్రమోక్షం అయింది, ఇవాళ రాయబారం మొదలెట్టేరు.