“మీ ఏజ్‌కి ఇది ఎక్కువే సార్” అని అమ్మిన మౌంటెన్ బైక్: కొనబోయేవారికి జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ మౌంటెన్ బైక్ కొనే ఆలోచనలో ఉన్నవారికి, అందులోనూ అరవై దాటాక కొండదారుల్లో సైకిల్ తొక్కుతున్నవారికి ఈ హెచ్చరిక. నాకు 62 ఏళ్లు. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ ఒకటి మూడు నెలల క్రితం ఒక వ్యక్తి దగ్గర కొన్నాను. కొన్న పదకొండో రోజున, దిగుడులో, ముందు బ్రేక్ పూర్తిగా పోయింది. కుడి మణికట్టులో చిన్న ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. అమ్మిన వ్యక్తి పేరు రాయడం లేదు. ఆయన వాడిన మాటలూ, ఆ సైకిల్‌కి జరిగిన పనీ చెబితే చాలు, అలాంటి బేరం ఎక్కడ ఎదురైనా మీరు గుర్తుపట్టగలరు.

“పెద్దాయన ఒకరు నెమ్మదిగా తొక్కిన సైకిల్, సర్వీసింగ్ ఈమధ్యే చేయించాం” అని ప్రకటనలో ఉంది. చూడడానికి వెళ్లినప్పుడు నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు తిరిగి తిరిగి నా వయసు దగ్గరికే వచ్చింది. ముందు బ్రేక్ లివర్ కాస్త మెత్తగా తగులుతోందేమని అడిగితే, “మీరేమైనా రేసులకి వెళ్తారా సార్, మీ ఏజ్‌కి ఇది ఎక్కువే” అన్నారు. ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే ఫోర్కు విప్పి ఎన్నాళ్లయిందని అడిగితే, మీరు దాన్ని గెంతించరు కదా అన్నారు. రోటర్, అంటే బ్రేక్ పట్టుకునే లోహపు బిళ్ల, చిన్నదిగా ఉంది కదా అంటే, మీరు వెళ్లే వేగానికి పెద్దది దండగ అన్నారు. ఆ మాటలకి కోపం రాకపోగా నాకు ఊరటగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఈ వయసులో ఇంత సైకిల్ అవసరమా అని ఇంట్లోవాళ్లు అప్పటికే అంటున్నారు; ఇక్కడ నా పరిమితి తెలిసి, దానికి సరిపడే వస్తువు చూపిస్తున్న మనిషి దొరికాడనుకున్నాను.

అక్కడే రెండు ఆధారాలు నా కళ్లముందు ఉన్నాయి. హ్యాండిల్ బార్ కింద, ఫ్రేము పైగొట్టం మీద, నాలుగైదు చోట్ల రంగు చుక్కలు చుక్కలుగా ఉబ్బి ఉంది. ఒకచోట బొబ్బ పగిలి అడుగున లోహం కనిపిస్తోంది. గోరుతో గీకితే రంగు తడిసిన అట్టలా మెత్తగా లేచి వచ్చింది. ఏదో రాయి తగిలి ఉంటుందనుకున్నాను. రాయి తగిలితే రంగు పెచ్చుగా ఊడుతుందిగాని బొబ్బ కట్టదన్న మాట ఆ క్షణంలో తట్టలేదు. రెండోది, బ్రేక్ లివర్ పక్కన, బ్రేక్‌ని నడిపే ద్రవం ఉండే చిన్న ట్యాంకు మూత. దానిమీద చిన్న అక్షరాలలో ఏదో అచ్చువేసి ఉంది. చదువుకునే కళ్లద్దాలు నేను తీసుకెళ్లలేదు. ఏముందో చదవమని ఎదుటి మనిషిని అడగడానికి మొహమాటపడ్డాను.

మొదటి పది రోజులూ చదునైన మట్టిదారులలోనే తొక్కాను. సైకిల్ రోజురోజుకీ బరువెక్కుతున్నట్టు ఉండేది. చిన్న ఎగుడుకే తొడలు పట్టేసేవి, ఆయాసం వచ్చేది. నాది వయసుతో వచ్చిన నీరసం అనుకున్నాను, గేరు తగ్గించాను, మోకాళ్లకి నూనె రాసుకున్నాను. నిజానికి వెనక బ్రేక్ ప్యాడ్లు రోటర్‌ని వదలడం లేదు. చక్రాన్ని గాలిలో లేపి ఒక్కసారి తిప్పి ఉంటే రెండు చుట్లకే ఆగిపోవడం కనిపించేది. నేను తిప్పలేదు. అమ్మిన మనిషి నా వయసు గురించి అన్న మాట నాలోకి ఎంతగా దిగిందంటే, సైకిల్‌లో ఉన్న దోషాన్ని కూడా నా ఒంట్లోనే వెతుక్కున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మణికట్టు సంగతి కాదు, ఇదే.

పదకొండో రోజు, రాళ్లూ వేళ్లూ ఉన్న పొడవైన దిగుడు. నా అలవాటు ప్రకారం సీటు పూర్తిగా కిందికి దించి, పెడళ్లు రెండూ సమంగా ఉంచి, రెండు బ్రేకులూ తేలికగా పట్టుకుని దిగుతున్నాను. సగం దూరంలో ముందు లివర్ ఒక అంగుళం లోపలికి పోయింది. వదిలి మళ్లీ పట్టాను. ఈసారి నేరుగా వచ్చి హ్యాండిల్ పిడికి తగిలింది, ఏ పట్టూ లేదు. వెనక బ్రేక్ చుర్రుమంటూ కాలిన వాసన వేస్తోంది గాని ఆ వాలులో అది ఒక్కటే చాలదు. బరువంతా వెనక్కి వేసి, దారి పక్కనున్న మట్టిగట్టులోకి కావాలనే తిప్పాను. సీటు కింద ఉండడం వల్ల కాలు నేలకి అందింది, లేకపోతే తలకిందులుగా ఎగిరేవాణ్ణి. చెయ్యి చాపి పడడం మాత్రం తప్పించుకోలేకపోయాను.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చెబుతాను. బ్రేకులు విప్పిన మెకానిక్ ముందుగా ఆ మూత నాకు చదివి వినిపించాడు: మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలని దానిమీద ఉంది. తర్వాత ట్యాంకులోని ద్రవాన్ని సిరంజితో కొంచెం తీసి, గాజుగ్లాసులోని నీళ్లలో నాలుగు చుక్కలు వేశాడు. అవి నీటిలో కలిసిపోయాయి. మినరల్ ఆయిల్ అయితే నీటిమీద తేలి కంటికి కనబడుతుంది. కార్ల, మోటార్ సైకిళ్ల బ్రేకులలో వాడే డాట్ అనే ద్రవం గ్లైకాల్ జాతిది కనుక నీటిలో కలుస్తుంది. చవగ్గానో, తొందరగానో, చేతికి దొరికిన డాట్ ద్రవాన్ని ఎవరో రెండు బ్రేకులలోనూ నింపారు. “ఈమధ్యే చేయించిన సర్వీసింగ్” అంటే అదే. ఫ్రేము మీది బొబ్బలకీ అదే కారణం: డాట్ ద్రవం రంగును తినేస్తుంది, మినరల్ ఆయిల్ ఆ పని చేయదు.

మినరల్ ఆయిల్ కోసం చేసిన బ్రేకులలోని రబ్బరు సీళ్లు డాట్ ద్రవంలో నానితే ఉబ్బుతాయి. ఉబ్బిన సీలు, ప్యాడ్లను రోటర్ మీదికి నెట్టే పిస్టన్‌ని వెనక్కి రానివ్వదు. ప్యాడ్లు రాసుకుంటూ ఉంటాయి, రాపిడికి వేడెక్కుతాయి, ఆ వేడి సీలును ఇంకా పాడుచేస్తుంది. నా వెనక బ్రేక్ ఈ దశలో ఉంది. ముందు బ్రేక్‌లో ఉబ్బిన సీలు అంచు చిరిగి, ద్రవం ప్యాడ్లు ఉండే కాలిపర్ దగ్గర కారిపోయింది. డాట్ బ్రేకులలో మినరల్ ఆయిల్ పోసినా ఇదే గతి. షిమానో, మగురా బ్రేకులు మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. స్రామ్ బ్రేకులు చాలాకాలం డాట్‌తోనే నడిచి, ఇటీవలి కొన్ని నమూనాలలో మినరల్ ఆయిల్‌కి మారాయి. కాబట్టి కంపెనీ పేరు చూసి ఊహించడం కుదరదు, మూత చదవవలసిందే.

నెమ్మదిగా వెళ్లేవాడికి మామూలు బ్రేకులు చాలన్న మాట ఎంత తప్పో కట్టుతో కూర్చున్న రోజుల్లో లెక్క వేసి చూశాను. నేనూ సైకిలూ కలిపి సుమారు 90 కిలోలు. 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు 88 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. పావులీటరు చన్నీళ్లను మరిగించడానికి అంత చాలు. వేగంగా దిగే కుర్రవాడికి అందులో కొంత గాలి తీసుకుంటుంది. పైగా అతను మలుపుకి ముందు గట్టిగా పట్టి వదిలేస్తాడు, ఆ మధ్యలో రోటర్ చల్లబడుతుంది. భయంభయంగా దిగే నాలాంటివాడు బ్రేక్ మీద వేలు తీయడు. గాలికి పోయేది దాదాపు ఏమీ ఉండదు, వేడంతా రోటర్‌కీ ప్యాడ్లకీ ద్రవానికీ చేరుతుంది. అంటే మంచి బ్రేక్ అవసరం అతని కంటే నాకే ఎక్కువ. అమెరికాలో మేరిన్ కౌంటీ కుర్రవాళ్లు 1970లలో పాత సైకిళ్లతో కొండలు దిగినప్పుడు చక్రం నడిమధ్య ఉండే హబ్ బ్రేక్‌లోని గ్రీజు కాలిపోయి, దిగిన ప్రతిసారీ మళ్లీ నింపవలసి వచ్చేదట. వాళ్లు పందేలు పెట్టుకున్న ఆ దారికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అన్న పేరు అలా వచ్చిందే. వేడి గొడవ ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది.

అమ్మిన మనిషికి ఫోన్ చేసి నీళ్లగ్లాసు సంగతి చెప్పాను. మొదట సర్వీసింగ్ తాను చేయలేదన్నారు, ప్రకటనలో చేయించామని ఉంది కదా అంటే మీరు బ్రేక్ అదేపనిగా పట్టి ఉంటారన్నారు. చివరికి, “ఈ వయసులో ఆ దిగుళ్లు మీకెందుకు సార్” అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రసీదు తీసుకోకపోవడం నా పొరపాటు. ప్రకటన కాపీ నా దగ్గర ఉంది గాని, ఉన్నది ఉన్నట్టుగా కొన్నాననే మాట మీద ఆయన నిలబడ్డారు.

కనుక చూడడానికి వెళ్లేటప్పుడు చదువుకునే కళ్లద్దాలు తప్పకుండా తీసుకెళ్లండి. మూతమీది అక్షరాలు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దవిగా చేసుకుని చదవండి. సర్వీసింగ్ చేయించామంటే ఏ ద్రవం పోశారో, ఎవరు చేశారో అడగండి, బిల్లు చూపించమనండి. ఒక్కో లివర్‌నీ గట్టిగా పట్టి అర నిమిషం అలాగే ఉంచండి. అది మెల్లగా పిడి వైపు జారుతుంటే ఎక్కడో కారుతోందన్నమాట. వదలగానే టక్కున వెనక్కి రావాలి, చక్రం ఆటంకం లేకుండా తిరగాలి. కాలిపర్ చుట్టూ తెల్లకాగితంతో తుడిచి తడి అంటుతుందేమో చూడండి, లివర్ల కింద రంగు ఉబ్బి ఉందేమో వేలితో తడమండి. ఇవన్నీ చల్లగా ఉన్నప్పటి పరీక్షలు. నా బ్రేక్ చల్లగా ఉన్నప్పుడు కొంచెం మెత్తగా ఉండడం తప్ప బాగానే పట్టింది. అందుకని పది నిమిషాలు బ్రేక్ పట్టుకుంటూ వదులుతూ తొక్కి, వేడెక్కాక ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. దానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపండి. రోటర్‌ని చేత్తో ముట్టుకోకండి, చర్మం కాలుతుంది.

మిగతావి క్లుప్తంగా. చాలా రోటర్ల మీద కనీస మందం చెక్కి ఉంటుంది, షిమానో వాటిమీద తరచు 1.5 మి.మీ. అని కనిపిస్తుంది, అంతకంటే అరిగితే మార్చవలసిందే. ఫోర్కు కాళ్ల మీది నునుపైన పూత గీసుకుపోయి ఉంటే బాగుచేయించే ఖర్చు మీ బేరాన్ని మింగేస్తుంది. ఫ్రేములో హ్యాండిల్ దిగే గొట్టం చుట్టూ, పెడళ్ల ఇరుసు చుట్టూ అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి, అక్కడ కొత్త స్టిక్కర్ ఉంటే ఇంకా శ్రద్ధగా చూడండి. సైకిల్ అమ్మినాయన నాకు ఉచితంగా ఒక హెల్మెట్ కూడా ఇచ్చారు. లోపలి నురుగు ఒక్క దెబ్బకి నలిగితే మళ్లీ కోలుకోదు, ఆ దెబ్బ పైకి కనిపించకపోవచ్చు కూడా. ఇతరులు వాడిన హెల్మెట్ ఎవరిచ్చినా పెట్టుకోకండి. నేను పడిన రోజున నా పాతదే నా తలమీద ఉంది.

సైకిల్‌ని వదిలించుకోలేదు. బ్రేకులు రెండూ గొట్టాలతో సహా కొత్తవి వేయించాను, ఫోర్కు అనుమతించే పరిమితిలో ముందు రోటర్ 160 నుంచి 203 మి.మీ.కి మార్పించాను. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి చదును నేలమీద ఇరవై, ముప్పై సార్లు వేగం పెంచి తగ్గించాను. దిగేటప్పుడు అదేపనిగా పట్టి ఉంచకుండా, మలుపుకి ముందు ఒక్క వేలితో గట్టిగా పట్టి పూర్తిగా వదలడం సాధన చేస్తున్నాను. అలవాటు ఇంకా పూర్తిగా రాలేదు.

అమ్మినాయన మరో సైకిల్‌కి ప్రకటన పెట్టారు, మొన్న చూశాను. పెద్దవారు నెమ్మదిగా తొక్కినదనే మాట యథాతథంగా ఉంది. ఫొటోలన్నీ చైన్ ఉన్న కుడివైపు నుంచి తీసినవే. అందరూ అలాగే తీస్తారు గనుక దానిని తప్పుపట్టలేను, కాని డిస్క్ బ్రేకుల రోటర్లూ కాలిపర్లూ ఉండేది ఎడమవైపు. ఇలాంటి ప్రకటన చూసి వెళ్లాలనుకునేవారు ముందుగా ఎడమవైపు ఫొటోలూ, రెండు లివర్ల మూతలూ, వాటి కింది పైగొట్టమూ దగ్గరగా తీసి పంపమని అడగండి.