వియన్నా మున్సిపల్ ఇళ్లా, ఇంగ్లండ్ కౌన్సిల్ ఇళ్లా?

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నగరం అద్దెకివ్వడానికి కట్టిన పాత మున్సిపల్ భవనాల గోడల మీద ఎర్రటి పెద్ద అక్షరాలుంటాయి. ‘ఇళ్ల నిర్మాణ పన్ను డబ్బుతో నగరం కట్టింది’ అని చాలాచోట్ల రాసి ఉంటుంది. 1923లో వేసిన ఆ పన్ను బంగళాల వాళ్లకే గట్టిగా తగిలింది. అందుకే 1934 లోపు 60 వేలకు పైగా ఇళ్లు లేచాయి. కట్టిన ఖర్చును అద్దెలో పిండలేదు, అద్దె నిర్వహణకే. ఇప్పటికీ నగరం చేతిలో సుమారు 2,20,000 ఫ్లాట్లున్నాయి. 1984 నుంచి ఒక నగర నిధి ఇళ్ల కోసం భూమిని కూడా ముందే కొనిపెడుతోంది.

ఇంగ్లండ్‌లో కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, ఇళ్లను ఎక్కువగా అప్పు తెచ్చి కడుతుంది, అద్దెలతో తీరుస్తుంది. దానికి విడిగా ఖాతా ఉంటుంది, ఆ డబ్బు రోడ్లకు వాడకూడదు. ఆ అప్పు మీద కేంద్రం పెట్టిన పరిమితి 2018లో గానీ పోలేదు. పైగా 1980 చట్టం కౌన్సిల్ ఇంట్లో అద్దెకున్నవాళ్లకు డిస్కౌంట్‌లో ఇల్లు కొనుక్కునే హక్కిచ్చింది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే! ప్రైవేటు బిల్డర్‌కు అనుమతిచ్చేటప్పుడు కొన్ని చవక ఇళ్లు అడుగుతారు. లాభం మిగలదంటూ అతను బేరం మొదలెడతాడు.

నా ఓటు వియన్నాకే. కాకపోతే అక్కడ మున్సిపల్ ఇంటి కోసం క్యూలో చేరాలన్నా ముందు రెండేళ్లు నగరంలో ఉండాలి.