నీట మునిగిన కారుతో నాలుగేళ్లు

ఇంజిన్ బాగుంటే చాలు అన్న మాటను నేనిక నమ్మను. ఈ 4 ఏళ్లలో, దాదాపు 60,000 కిలోమీటర్లలో, నా కారు ఇంజిన్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. నన్ను ఏడిపించింది కార్పెట్ కింద ఉన్న రాగి తీగ.

అమ్మిన పెద్దమనిషి ఏదీ దాచలేదు. వరదలో సీట్ల ఎత్తుదాకా నీళ్లు వచ్చాయనీ, ఆ స్థితిలో స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకుని వెళ్లారనీ చెప్పి బిల్లుల కట్ట నా చేతిలో పెట్టారు. స్టార్ట్ చేయకపోవడం చిన్న విషయం కాదు. సిలిండరులో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డునే వంచేస్తుంది. ఆ గండం తప్పిందన్న ధైర్యంతోనే కొన్నాను. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత కూడా లేదు, మురిసిపోయాను. బెల్టులు కొత్తవి వేశారని అదే బిల్లుల్లో రాసి ఉంది, నేను చదవలేదు.

మొదటి ఏడాది అడిగినవారికల్లా ఈ కారును పొగిడాను. ఆ పొగడ్తలో ఇంజిన్ గురించి, ఏసీ గురించి అన్నవి ఇప్పటికీ వెనక్కి తీసుకోను. "కొత్తదానితో సమానం" అన్న మాట మాత్రం తొందరపడి అన్నది.

రెండో వానాకాలంలో ఒక రాత్రి, ఎత్తు ఎక్కుతుండగా డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది, ఇంజిన్ ఆగిపోయింది. వెనుక లారీ వస్తోంది. రెండు చేతులతో బలంగా తిప్పి ఎలాగో పక్కకు తీశాను. పది నిమిషాల తరువాత తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఆ తరువాత రెండు నెలల్లో ఇలా అయిదుసార్లు జరిగింది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చాడు. లోపాలను చదివే స్కానర్ పెట్టిన ప్రతిసారీ ఫలానా యూనిట్‌తో (కారులోని చిన్న కంప్యూటరుతో) సంబంధం తెగింది అన్న కోడ్లే, అవీ రోజుకో యూనిట్‌వి.

మూడో చోట ఒక ఎలక్ట్రీషియన్ కోడ్లన్నీ చూసి ఒకే ప్రశ్న అడిగారు: "ఈ బండి ఎప్పుడైనా మునిగిందా?" అంతకుముందు ఇద్దరికీ ఆ సంగతి నేను చెప్పలేదు. చెప్పి ఉంటే రెండు నెలలు కలిసివచ్చేవి.

ఆయన డ్రైవరు సీటు విప్పి, గడప మీది పట్టీ తీసి, కార్పెట్ ఎత్తారు. స్పాంజి అడుగున పౌడరంత మెత్తని గోధుమరంగు ఒండ్రు ఇంకా ఉంది. తీగల కట్టకు చుట్టిన నల్ల టేపు ఒలిస్తే లోపల నాలుగైదు ఎర్త్ వైర్లు (కరెంటు తిరిగి వెళ్లే తీగలు) కలిసే అతుకు కనిపించింది, పచ్చటి చిలుము పట్టి. స్క్రూడ్రైవర్ కొనతో తాకగానే రెండు వైర్లు ఊడి వచ్చాయి. అక్కడికి జానెడు దూరంలో, తొడుగు మీద గీత కూడా లేని చోట కోసి చూపించారు. లోపల రాగి నల్లగా ఉంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు, పోగుల సందుల్లోంచి నీరు అంత దూరం పాకింది. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లి కొత్త వైరు అతికారు. అప్పటినుంచి కారు మళ్లీ దారిలో ఆగలేదు. వెనుక కిటికీ అద్దం స్విచ్, తలుపు తాళం లాంటి చిన్న జబ్బులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

నాకు నిజంగా దిగులు కలిగించేది ఎయిర్‌బ్యాగ్. దాని కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో ముందు సీట్ల మధ్య నేలకు దగ్గరగా ఉంటుంది, అంటే మునిగేవాటిలో అదొకటి. కొత్తది వేయించాను, సీట్ల కింది పసుపుపచ్చ కనెక్టర్లు మార్పించాను. హెచ్చరిక దీపం ఆరింది. అంటే యూనిట్‌కు ఇప్పటికి లోపమేదీ కనబడలేదని అర్థం, గుద్దుకున్న క్షణంలో బ్యాగు తెరుచుకుంటుందన్న హామీ అందులో లేదు. పిల్లలతో దూరం వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న రెండో బండినే తీస్తాను.

రోజువారీ ప్రయాణం తక్కువ, ఇంట్లో మరో వాహనం ఉంది, నమ్మకమైన ఎలక్ట్రీషియన్ దగ్గరలో ఉన్నారు. అందుకే నాకు నష్టం అనిపించలేదు. నీళ్లు ఉప్పువైతే ఈ లెక్క కూడా నిలవదు, తుప్పు ఇంకా వేగంగా పడుతుంది.

ఇప్పుడు మా తమ్ముడు ఇలాంటి కారునే చూస్తున్నాడు. రాత్రుళ్లు దూరాలు తిరిగే ఉద్యోగం వాడిది. వద్దన్నాను. అయినా మనసు ఆగకపోతే, డబ్బు మాట ఎత్తకముందే డ్రైవరు సీటు విప్పించి కార్పెట్ ఎత్తి చూడమన్నాను, అందుకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయమన్నాను.