నెట్ లేని చెరువు గట్టు మీద గిట్: ఆరేళ్ల వాడకం తర్వాత

మాది భీమవరం, ఐదుగురి ఆఫీసు. రొయ్యలు కొనేవాళ్లకి, మేత దుకాణాలకి, రెండు మూడు రైసు మిల్లులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. మొదట్లో మా సోర్స్ కంట్రోల్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే ఏర్పాటు) అంతా ఒక పెన్‌డ్రైవే. అందులో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని జిప్ ఫైళ్లు. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్లు ఒకే ఫైలు మీద కూర్చున్నారు. రెండోవాడు కాపీ కొట్టేసరికి మొదటివాడి రెండ్రోజుల పని గల్లంతు. దాంతో నాకు జ్ఞానోదయమైంది.

ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లలో ముందు సబ్‌వెర్షన్ పెట్టాం, తర్వాత గిట్‌కి మారాం. సబ్‌వెర్షన్ మీద నాకు ఇప్పటికీ అభిమానమే. సవరణలకి వరస నంబర్లుంటాయి. "మీ దగ్గరున్నది 412నా, 415నా అండీ?" అని మిల్లు గుమస్తాగారిని ఫోన్లో అడగొచ్చు. గిట్‌లో ఆ చోట అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిసిన 40 అక్షరాల తోక ఉంటుంది. మొదటి ఏడూ చదివినా "బీనా, డీనా?" అని మళ్లీ గొడవే.

పేచీ ఎక్కడొచ్చిందంటే, సబ్‌వెర్షన్‌లో కమిట్ చెయ్యాలంటే, అంటే మార్పుని చరిత్రలో నమోదు చెయ్యాలంటే, సర్వర్ అందాలి. మా పనిలో సగం ఆఫీసులో జరగదు. కాళ్ల అనే ఊరి దగ్గరో మొగల్తూరు దగ్గరో చెరువు గట్టున, కాటా పక్కన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చేస్తాం. గాలివానకి కేబుల్ మీద కొబ్బరిమట్ట పడిందంటే ఆ పూటకి ఆఫీసులోనూ నెట్ లేనట్టే. గిట్‌లో చరిత్ర మొత్తం మన మెషీన్‌లోనే ఉంటుంది. కమిట్లు, పాత వెర్షన్లు, బ్రాంచీలు (కోడ్‌లో విడిగా నడిపే పాయలు), దేనికీ నెట్ అక్కర్లేదు, ఇంటికొచ్చాక పుష్ చేసుకోవచ్చు, అంటే సర్వర్‌కి పంపుకోవచ్చు. 2005లో బిట్‌కీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయాక, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నల్ పని ఆగకూడదని, దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ రాసుకున్నది ఇది. తలో దేశంలో ఉన్నవాళ్ల కోసం రాసింది మా గట్టుకీ సరిపోయింది.

నన్ను పూర్తిగా కొనేసింది మాత్రం బైసెక్ట్, తప్పు ఏ కమిట్‌లో దూరిందో వెతికిపెట్టే గిట్ కమాండ్. సంక్రాంతి ముందు ఒక కొనుగోలుదారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా ఇది, 50 కౌంట్ సరుక్కి మీ బిల్లు 60 కౌంట్ రేటు వేస్తోంది, రైతు గట్టు మీదే పట్టుకున్నాడు" అని. తెలియనివాళ్లకి: కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, కౌంట్ పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. కిలోకి 20 రూపాయల తేడా, రెండు టన్నుల సరుకు. 40 వేలు! దసరాకి ఇచ్చిన వెర్షన్‌లో లెక్క బాగానే ఉంది. మధ్యలో 300 పైచిలుకు కమిట్లు.

బైసెక్ట్‌కి "ఇది మంచిది, ఇది చెడ్డది" అని రెండు చివరలూ చెబితే, మధ్యలో ఉన్న కమిట్ తీసి ముందు పెడుతుంది. మనం 50 కౌంట్ బిల్లు కొట్టి చూసి మంచో చెడో చెప్పాలి. మిగిలిన సగంలో మళ్లీ సగం. తొమ్మిదోసారికి దొరికింది. "50 గానీ అంతకు తక్కువ గానీ" అని ఉండాల్సిన చోట సమానం గుర్తు ఎగిరిపోయి "50 కంటే తక్కువ" అయింది. రాత్రి 11:40కి చేసిన కమిట్. మెసేజ్: "చిన్న మార్పు". చేసింది నేనే. మా కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పాడు గానీ ఒక్క మాట అన్లేదు, పాపం. అప్పట్నుంచి "చిన్న మార్పు" అని రాసినవాళ్లు ఆఫీసందరికీ పునుగులు కొనాలి. మెసేజ్‌లు తెలుగులోనే రాస్తున్నాం, ఏ ఇబ్బందీ లేదు.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెడితే మాత్రం, ఏ ఫైళ్లు మారాయో చూపే స్టేటస్ కమాండ్‌లో 340, 260 అంటూ అంకెల వరస కనిపించి కంగారు పెడుతుంది. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగుని ఫాల్స్ చేస్తే అక్షరాలు వచ్చేస్తాయి. అంతకన్నా ప్రమాదం చెకౌట్ కమాండ్. బ్రాంచి మారడానికీ అదే, చేసిన మార్పులు పారెయ్యడానికీ అదే. కొత్తగా చేరిన అమ్మాయి చెకౌట్ పక్కన చుక్క పెట్టి ఎంటర్ కొట్టింది. మధ్యాహ్నం నుంచి రాసినదంతా పోయింది. కమిట్ అయి ఉంటే రెఫ్‌లాగ్‌లో (గిట్ దాచుకునే పాత కమిట్ల జాడల్లో) వెతుక్కునేవాళ్లం, కానిదాన్ని గిట్ కూడా తెచ్చివ్వలేదు. 2019లో 2.23 వెర్షన్‌తో స్విచ్, రిస్టోర్ అని ఆ పనులు విడదీశారు. కొత్తవాళ్లకి అవే నేర్పండి.

సర్వర్‌గా పాత కంప్యూటర్ మీద గిటీ (Gitea, సొంత గిట్ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి ఇన్వర్టర్‌కి తగిలించాం. తేలిగ్గా నడుస్తోంది. ఒకసారి నేను డేటాబేస్ బ్యాకప్‌ని కూడా కమిట్ చేసేశాను. గిట్ కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైలుని లోపలికి రానివ్వదు, మా సర్వర్‌కి అలాంటి పట్టింపు పెట్టలేదు, మింగేసింది. చరిత్రలోంచి దాన్ని పీకడానికి ఒక ఆదివారం పోయింది.

ఇద్దరే ఉండి, అడిగే దిక్కు లేకపోతే గిట్ బదులు ఫాసిల్ చూడండి, అదీ ఇలాంటి సాఫ్ట్‌వేరే. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ రాసిన రిచర్డ్ హిప్‌దే అదీ. ఒకే ప్రోగ్రాం ఫైలు, ఫిర్యాదుల చిట్టా, వికీ అందులోనే. రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే ఖజానా) కూడా ఒకే ఫైలు. అమలాపురంలో మా తమ్ముడికి అదే పెట్టించాను.

రేట్ల ఎక్సెల్ షీట్లు మాత్రం సబ్‌వెర్షన్‌లోనే ఉంచాం. రెండు ఎక్సెల్ ఫైళ్లని కలపడం గిట్ వల్ల కాదు. సబ్‌వెర్షన్‌లో అయితే ఒకరు లాక్ వేసుకుంటే రెండోవాళ్లు ఆగుతారు. ఆ లాక్ తియ్యడం మర్చిపోయేది మా అకౌంట్స్ ఆవిడ. నిన్న కూడా పాలకొల్లు బస్సెక్కాక ఫోన్ చేసింది: "అక్కా, నా లాక్ నువ్వే విరగ్గొట్టెయ్యవా?"