ఒక్క రికార్డులో ఐదు వైబ్రేటర్లు: 8 ఏళ్లు వాడాక నా మాట

28 రోజులు ఒమన్ ఎడారిలో, 28 రోజులు గుంటూరు బ్రాడీపేటలో. 9 ఏళ్లుగా ఇదే నా బతుకు. అక్కడ నేలని కంపింపజేసి చమురు, గ్యాస్ ఎక్కడున్నాయో వెతికే సిస్మిక్ క్రూలో అబ్జర్వర్‌ని. రికార్డింగ్ బండిని మేం డాగ్ హౌస్ అంటాం. అందులో స్క్రీన్ల ముందు కూర్చుని, భూమి లోపలి పొరల్ని తాకి తిరిగొచ్చే కంపనాలు సరిగ్గా రికార్డవుతున్నాయో లేదో చూడటం నా డ్యూటీ. మొదటి ఏడాది తప్ప మిగతా కాలమంతా ఒకేసారి చాలా వైబ్రేటర్లు, అంటే నేలని కంపింపజేసే బండ్లు, నడిపే పద్ధతిలోనే పనిచేశాను. ఈ లైన్లోకి వస్తున్న మన కుర్రాళ్లు అది నిజంగా అంత గొప్పదా అని అడుగుతుంటారు. గొప్పదే. కాకపోతే నా దగ్గర నుంచి ఒకటి పట్టుకుపోయింది, అదీ చెప్పాలి.

మొన్న మా మేనకోడలి ఓణీల ఫంక్షన్లో బావ కూడా ఇదే అడిగాడు. "ఒకేసారి అన్ని బండ్లు మోగితే ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తదిరా?" బంతులు నడుస్తున్నాయి. నేను అటు చూపించాను. "పప్పు వడ్డించేవాడు చివరి ఆకుదాకా వెళ్లేవరకు కూర పట్టుకున్నోడు ఆగుతాడా బావా?" "ఆగితే రెండో బంతికి సాయంత్రమవుద్ది" అన్నాడు. మేం చేసేదీ అదే. దాని పేరు స్లిప్ స్వీప్. 1996లో రోజెమండ్ అనే ఆయన దీన్ని జియోఫిజిక్స్ వాళ్ల సభలో వివరించాడు.

కాస్త లెక్క చెప్తా. 30 టన్నుల దాకా ఉండే బండి ఇనప పళ్లేన్ని నేలకి ఆనించి, 6 హెర్ట్జ్ నుంచి 80 దాకా గొంతు పెంచుకుంటూ 12 సెకన్లు మోగుతుంది. అదే స్వీప్. తర్వాత 4 సెకన్లు వినాలి, ఇంకో 20 సెకన్లు పక్క పాయింటుకి జరగాలి. మొత్తం 36 సెకన్లు, అంటే గంటకి 100 పాయింట్లు. రెండు బండ్లు వంతులవారీగా మోగితే 200. స్లిప్ స్వీప్‌లో ముందు బండి పూర్తయ్యేదాకా ఆగకుండా 8 సెకన్లకొకటి మొదలుపెట్టిస్తాం, అప్పుడు 450. బండ్లు మాత్రం కనీసం 5 ఉండాలి. ఇదంతా కాగితం మీద లెక్క. టైరు పంక్చరు, ఇసుక తుఫాను, డ్రైవర్ల భోజనాలు తీసేస్తే అందులో సగం వచ్చినా ఆ రోజు క్యాంపులో అందరి మొహాలూ వెలుగుతాయి.

కలగాపులగం ఎందుకు కాదంటే, వెనక బండి 6 హెర్ట్జ్ దగ్గర ఎత్తుకునేసరికి ముందుది 55 దాటి ఉంటుంది. ఒకే క్షణంలో రెండూ ఒకే శ్రుతిలో ఉండవు. ఎవరి స్వీప్‌తో పోల్చి చూస్తే వాళ్ల జవాబు విడిగా తేలుతుంది.

చిక్కల్లా హార్మోనిక్స్‌తోనే. పళ్లెం 20 దగ్గర మోగుతున్నప్పుడు 40, 60 కూడా కొంచెం మోగుతుంటాయి. రావాల్సిన టైముకన్నా ముందే వచ్చేస్తాయి కాబట్టి, వెనక బండి చేసిన ఈ రొద ముందు బండి రికార్డు మీద, అదీ లోతైన పొరలు కనిపించే చివరి భాగంలో, పడుతుంది. కూరవాడి తొందరకి పులుసు చుక్కలు పప్పువాడి విస్తట్లో చిందినట్టు. ఒక రాత్రి షిఫ్టులో ఒక బండి హైడ్రాలిక్స్ దెబ్బతిని ఈ రొద బాగా పెరిగింది. కంట్రోలర్ రిపోర్టులో ఆ అంకె ఎర్రగానే ఉంది. గంటకి వందల వరసలు జారిపోతుంటే ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు. రికార్డుల్ని కంప్యూటర్లో శుభ్రం చేసే ప్రాసెసింగ్ వాళ్లు ఫోన్ చేసేసరికి ఒకటిన్నర రోజు గడిచింది.

వంతుల పద్ధతిలో ఐతే ఇది జరిగేది కాదు. నేను పోగొట్టుకున్నది ఇదే. ఆ మొదటి ఏడాది రికార్డు చూసి, గాలి లేచింది, ఫలానా చానల్ చచ్చింది, కేబుల్ పక్కన ఒంటెలు తిరుగుతున్నాయి అని చెప్పేసేవాణ్ని. ఇప్పుడు స్క్రీన్ మీద బూడిద ముద్ద. కన్ను చేసే పని కంప్యూటరుకి పోయింది.

12 కిలోమీటర్ల దూరంలో రెండు గుంపుల్ని ఒకే క్షణంలో మోగించే పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. అవతలివాళ్ల అల ఇక్కడికి చేరేసరికి నాకు కావాల్సింది వినేసి ఉంటాను. రికార్డు శుభ్రం, లెక్క రెట్టింపు. ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చినప్పుడు మోగించుకునే పద్ధతి కూడా చేశాం. 2008లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బెర్ఖౌట్ అనే ప్రొఫెసర్ దీన్ని బ్లెండింగ్ అన్నాక ఆ మాటే స్థిరపడింది. ఒక జియోఫోన్, అంటే నేల కంపనాల్ని వినే పరికరం, విన్న పాయింట్లన్నీ పక్కపక్కన పేరిస్తే, మన బండివి గీతలా కుదురుగా, పక్కవాళ్లవి ఆవాలు చల్లినట్టు కనిపిస్తాయి. ఆవాలు ఏరేయొచ్చు. ఒకసారి మావాళ్లు పద్ధతిగా ఉండాలని అందరినీ గడియారానికి కట్టేస్తే ఆవాలు కూడా గీతలైపోయాయి. రెండు రోజులు తలలు పట్టుకున్నాం.

ఇంకో సంగతి. మోగించడం వేగమైంది గానీ జియోఫోన్లు పరిచే చేతులు అవే. లైన్ క్రూ నడుములు విరుగుతాయి. బండ్లకి పెట్టే డబ్బులో కొంత వాళ్లకీ పెట్టాలి.

"మరి మన బంటుమిల్లి, కైకలూరు వైపు ఇది పెట్టొచ్చుగా" అన్నాడు బావ. వరి మడి, కాలవ, రొయ్యల చెరువు, వీటి మధ్య 30 టన్నుల బండి దిగితే క్రేను పిలవాలి. అందుకే డెల్టాలో బోరు వేసి డైనమైట్ పెడతారు. దానికి స్వీప్ ఉండదు, ఒక్క దెబ్బే. పైగా అక్కడ టైమంతా బోరు వెయ్యడానికి, రైతుని ఒప్పించడానికే పోతుంది. పేల్చడం క్షణం. ఆ క్షణాన్ని ఇంకా తగ్గించి ఏం లాభం?

తిరిగి వెళ్లాక ఒక అలవాటు మొదలుపెట్టాను. గంటకోసారి మిగతావన్నీ ఆపించి ఒక్క బండిని ఒంటరిగా మోగమంటాను. నా కళ్లతో చూసుకుంటాను. 36 సెకన్లు పోతాయి. మా క్రూ పెద్ద, పార్టీ చీఫ్ అంటాం, రేడియోలో గొణుగుతూనే ఉంటాడు.