శ్రీశైలం నుంచి గండికోట దాకా: దారులు, బసలు, టైర్లలో గాలి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అక్కడి నుంచి నంద్యాల, మహానంది, అహోబిలం, బెలూం గుహలు, చివరగా గండికోట. పెద్దవాళ్లకు గుళ్లు, పిల్లలకు గుహలూ కోటా ఉంటాయి కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లడానికి ఇంతకంటే మంచి దారి మన వైపు తక్కువే. డిసెంబరు చివర్లో రెండు కార్లలో వెళ్లాం. గదుల గురించి, భోజనాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాటితోపాటు టైర్లలో గాలి గురించి కూడా వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ దారిలో నమ్ముకోలేనిది ఏదైనా ఉందంటే అదే. మా కారులో 12 వోల్టుల సాకెట్‌కు తగిలించి టైర్లకు గాలి కొట్టే వైరు మిషన్ ఉంది. మా బావమరిది కారులో ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ మిషన్ ఉంది. రెండింటికీ దారిలో పని పడింది.

శ్రీశైలం వెళ్లేవాళ్లు ముందుగా టైము చూసుకోవాలి. హైదరాబాద్ దారిలో ఉన్న మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6కి తెరుస్తారు. ఆ తర్వాత అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఎక్కడపడితే అక్కడ కారు ఆపకూడదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అందుకే పెట్రోలైనా గాలైనా మన్ననూరు చేరకముందే చూసుకోవడం మంచిది. మేము ఆగిన బంకులో గాలి మిషన్ పాడైందన్నారు. తర్వాతి బంకులో ఉంది కానీ, అక్కడి మీటరు 33 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) చూపించిన టైరుకు మా రెండు మిషన్లూ 29 చూపించాయి. బంకుల్లో గాలి ఉచితంగా పెట్టాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధనే. అయినా కుటుంబంతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆ ఒక్క మీటరును నమ్ముకుని వెళ్లడం నాకు ఇష్టం లేదు.

శ్రీశైలంలో బసకు నా ఓటు దేవస్థానం సదనాలకే. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకుంటే ధర తక్కువ, గుడికి దగ్గర, పెద్దవాళ్లు నడిచి వెళ్లిరావచ్చు. కార్తీక మాసంలో, శివరాత్రికి, శని ఆది సోమవారాల్లో గది దొరకడం కష్టం. కాస్త విశాలమైన గదులు, రెస్టారెంటు కావాలంటే పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ ఉంది. మేము వారం మధ్యలో వెళ్లడం వల్ల దర్శనం ప్రశాంతంగా జరిగింది.

మర్నాడు తెల్లవారి మా కారు వెనక టైరు కొంచెం దిగినట్టు కనిపించింది. మీటరు పెడితే 18. చలికి గాలి తగ్గడం మామూలే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడితే ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గుతుంది. కానీ 33 కాస్తా 18 అయిందంటే అది చలి వల్ల కాదు. చూస్తే మేకు దిగి ఉంది. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకును అక్కడికక్కడే పీకకూడదు. దాన్ని అలాగే ఉంచితే గాలి మెల్లగా పోతుంది, పీకితే ఒక్కసారిగా పోతుంది. స్టెప్నీ మార్చాలంటే డిక్కీలో సామానంతా కింద పెట్టాలి, జాకీ ఎక్కించాలి. దానికి బదులు మిషన్ పెట్టి, మూడు నాలుగు నిమిషాల్లో 35 దాకా గాలి కొట్టి, దగ్గర్లోని సున్నిపెంటలో పంక్చర్ షాపుకి నెమ్మదిగా వెళ్లాం. ఆయన మేకు తీసి, ఆ కంతలో రబ్బరు స్ట్రిప్ పెట్టి, సబ్బు నీళ్లు పోసి చూపించి పంపించారు. ఆ టైరు ఇంటిదాకా ఇబ్బంది పెట్టలేదు. కోత టైరు పక్క గోడకు పడితే మాత్రం గాలి మిషనూ స్ట్రిప్పూ రెండూ పనికిరావు, స్టెప్నీ వేయాల్సిందే. స్టెప్నీలో గాలి ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. టైర్ ప్రెషర్ చూపించే సదుపాయం, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన మారింది. అలాంటి కారు ఉన్నవాళ్లకు గాలి మిషనే దిక్కు.

ఇక రెండు మిషన్ల సంగతి. బావమరిది మిషన్ చేతిలో ఇమిడిపోతుంది, వైరు గొడవ లేదు, నాలుగు చక్రాల చుట్టూ తిరగడం హాయి. రెండు మూడు పీఎస్‌ఐ సరిచేసుకోవడానికి చాలా బాగుంది. కానీ బాగా దిగిన టైరుకు చాలాసేపు తీసుకుంటుంది. నాలుగు టైర్లకీ కొట్టేసరికి ఛార్జింగ్ అడుగుకి వచ్చింది. పైగా లిథియం బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. రాయలసీమ ఎండల్లో అది చిన్న విషయం కాదు. అసలు పెద్ద లోపం ఇంకొకటి: నెలల తరబడి డిక్కీలో పడి ఉన్నాక, అవసరమైన రాత్రి దాంట్లో ఛార్జింగ్ ఉంటుందా?

వైరు మిషన్‌కు ఆ బెంగ లేదు, కారు స్టార్ట్ అయితే అది నడుస్తుంది. కొనేటప్పుడు పెట్టె మీద 150 పీఎస్‌ఐ అని పెద్దక్షరాలతో రాసింది చూసి మురిసిపోవద్దు. మన కార్లకు కావలసింది 30 నుంచి 36. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో చూడండి, 35 లీటర్ల దగ్గర ఉంటే చాలు. వైరూ పైపూ కలిపి వెనక చక్రం దాకా అందాలి, వైరే మూడు మీటర్లు ఉండాలి. అనుకున్న అంకె రాగానే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు లేని మిషన్ వద్దే వద్దు. కారు సాకెట్ మూత మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, చాలా కార్లలో 120. అంతకంటే ఎక్కువ లాగే మిషన్ పెడితే ఫ్యూజు పోతుంది. వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి, ఆరుబయటే వాడాలి. వాల్వ్‌కు మరతో బిగించే పైపు గట్టిగా పట్టుకుంటుంది, తీసేటప్పుడు కొంచెం గాలి పోతుంది కాబట్టి ఒక అంకె ఎక్కువ పెట్టుకోవాలి. కొట్టడం అయ్యాక ఆ ఇత్తడి కొస చుర్రుమని కాలుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచి, గుడ్డతో పట్టుకుని తీయండి. పది నిమిషాలు నడిపితే కాసేపు చల్లారనివ్వాలి. మోత రెండింటికీ ఎక్కువే. ఎంత గాలి కొట్టాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటి అంకె వేరుగా రాస్తారు. మాలాగా డిక్కీ నింపుకుని వెళ్లేవాళ్లు ఆ రెండో అంకె చూసుకోవాలి.

శ్రీశైలం నుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా నంద్యాల చేరాం. ఇదీ నల్లమలే, ఇక్కడా రాత్రిపూట గేటు వేస్తారు. నంద్యాలలో హోటళ్లు కావలసినన్ని. మేము దిగిన లాడ్జిలో గది బాగుంది కానీ పార్కింగ్ అన్నది పేరుకే, కార్లు రోడ్డు మీదే పెట్టించారు. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఆ సంగతి అడగండి. మహానంది అక్కడికి దగ్గర. కోనేటి నీళ్లలో వేసిన నాణెం అడుగున స్పష్టంగా కనిపిస్తుంటే మా అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. అహోబిలంలో దిగువ గుడి, ఎగువ గుడి పెద్దవాళ్లకు వీలవుతాయి. నవ నరసింహ క్షేత్రాలన్నీ చూడాలంటే నడక చాలా ఉంది, కుర్రవాళ్లు విడిగా రావడమే మంచిది.

బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్క ఎక్కువ, పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి విశాలమైన భాగం చూసి తిరిగి రావచ్చు. మధ్యాహ్నం పార్కింగ్‌లో మా టైర్లు పొద్దుటి కంటే మూడు నాలుగు ఎక్కువ చూపించాయి. పరుగెత్తిన టైరు వేడికి అలా చూపిస్తుంది, గాలి తీసేయకూడదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూసిందే లెక్క.

గండికోటలో ఒక రాత్రి ఉండి తీరాలి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా పారే లోయను సాయంత్రం వెలుగులో ఒకసారి, సూర్యోదయానికి ఒకసారి చూడాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర. గుడారాల్లో ఉండే ఏర్పాట్లు కూడా ఉన్నాయి కానీ, డిసెంబరు చలిలో పెద్దవాళ్లతో గదే మేలు. పెట్రోలు, పంక్చర్ షాపు లాంటివి కావాలంటే జమ్మలమడుగు రావాలి, సుమారు 15 కిలోమీటర్లు. బయల్దేరే ఉదయం రెండు కార్లకీ మా వైరు మిషన్‌తోనే గాలి సరిచేశాం.

ఇప్పుడు బావమరిది కారులో కూడా వైరు మిషనే ఉంది. బ్యాటరీది ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఉంచాడు. స్కూటీకి, పిల్లల సైకిళ్లకి దాన్ని మించింది లేదు. రెండు వేల చిల్లరలో ఒక్కటే కొనేవాళ్లు, ఊళ్లు తిరిగే కారు అయితే, వైరుదే కొనండి.